ఫ్యామిలీ కోర్టులో ఎవరి పని ఏది? మీ ఉత్తరాలు, ఒక మాజీ కౌన్సిలర్ జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే తికమక కనిపించింది. కౌన్సిలర్‌ని జడ్జి అనుకునేవాళ్లు, వాయిదాలు చూసే బెంచి క్లర్కుని బతిమాలితే కేసు తేలిపోతుందనుకునేవాళ్లు, రాజీ కుదిర్చే మీడియేటర్ అంటే అవతలివాళ్ల మనిషేమోనని భయపడేవాళ్లు. నేను ఫ్యామిలీ కోర్టులో కౌన్సిలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. లాయర్ని కాను, కేసు గెలిచే చిట్కాలు నా దగ్గర లేవు. ఎవరిని ఏం అడగాలో, ఎవరిని ఎంత అడిగినా లాభం ఉండదో చెప్పగలను. ఉత్తరాలను కుదించి, ఆనవాళ్లు మార్చి వేస్తున్నాం.

పెళ్లయి 4 ఏళ్లు. ఏడాదిన్నరగా పుట్టింట్లో ఉంటున్నాను. ఆయన విడాకులకు వేశారు. వచ్చే వాయిదా కౌన్సిలింగ్‌కని లాయరు గారు చెప్పారు. కౌన్సిలింగ్ అంటే ఏదో ఒకటి సర్దిచెప్పి కాపురానికి పంపేస్తారని మా పక్కింటావిడ అంటోంది. వెళ్లకపోతే ఏమవుతుంది? వెళితే ఏం మాట్లాడాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, ఏలూరు

తప్పకుండా వెళ్లండమ్మా. రాజీకి వీలున్న కేసుల్లో ముందు ఆ ప్రయత్నం చేయడం కోర్టు బాధ్యత అని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. జడ్జిగారు అంతమంది మధ్య, అన్ని ఫైళ్ల మధ్య మీ ఇద్దరితో తీరిగ్గా మాట్లాడలేరు. అందుకే అదే చట్టంలో కౌన్సిలర్లకు చోటు పెట్టారు. మిమ్మల్ని కాపురానికి పంపే అధికారం కౌన్సిలర్‌కి లేదు. విడాకులు ఇప్పించే అధికారమూ లేదు. మా వాళ్లలో ‘సర్దుకుపోవాలమ్మా’ అనే పాట తప్ప మరొకటి రానివాళ్లు ఉన్నారు, కాదనను. అలాంటివారు తగిలితే గొడవ పడకండి. ‘నేను ఆలోచించుకునే వచ్చాను, వెళ్లదలచుకోలేదు’ అని నిదానంగా చెప్పండి. ఆ మాట రాసుకోవడం కౌన్సిలర్ పని.

మామూలుగా ముందు ఇద్దరినీ విడివిడిగా పిలుస్తాం, తర్వాత కలిపి కూర్చోబెడతాం. ఆయన చేయి చేసుకున్న సందర్భాలుంటే, ఎదురుగా కూర్చోవాలంటేనే భయంగా ఉంటే, గదిలో అడుగుపెట్టగానే ఆ సంగతి చెప్పి విడిగానే మాట్లాడమని అడగండి. అలాంటి ఇంట్లో రాజీ కంటే ముందు రక్షణ చూడాలి. 2005 గృహహింస చట్టం కింద దానికి వేరే దారి ఉంది, ప్రొటెక్షన్ ఆఫీసర్లు ఉన్నారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఇక ఏం మాట్లాడాలన్నారు. ఎవరిది తప్పో ఆ గదిలో తేలదు, దాని కోసం నోరు నొప్పి పుట్టించుకోకండి. మీకేం కావాలో చెప్పండి. కలిసి ఉండాలా, ఉంటే ఎక్కడ, ఎవరితో? విడిపోవాలా, అయితే నెలకెంత, నగలు ఏమిటి, సామాను ఏమిటి? పిటిషన్ కాపీ మాత్రం ఇంట్లోనే చదువుకుని రండి. చాలామంది తమ మీద ఏం రాశారో కౌన్సిలర్ ముందు కూర్చున్నాకే మొదటిసారి వింటారు. ఆ కోపంలో ఆ రోజు ఇంకో మాట సాగదు.

సామాను అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. ఒక జంట విడిపోవడానికి ఒప్పుకున్నారు. డబ్బు తేలింది, బంగారం తేలింది, సారె సామాను దగ్గర ఆగిపోయింది. అమ్మాయి రాసుకొచ్చిన చిట్టాలో ఒక ఇత్తడి బిందె ఉంది. అబ్బాయి తల్లి అది మా ఇంటిదే, ఇవ్వనంటుంది. పెద్ద ఖరీదైనదేమీ కాదు, కానీ దాని మీదే వాయిదా పడింది. మరుసటిసారి బిందె పట్టుకురమ్మన్నాను. అటెండరు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఎన్నేళ్లుగా చింతపండు పెట్టి తోమారో, అంచు కింద కొట్టించిన అక్షరాలు అరిగి నునుపు తేలాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే కనిపించాయి: అమ్మాయి అమ్మమ్మ పేరు, ఊరి పేరు. అబ్బాయి తల్లే అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ‘వాళ్లదేనండీ, తీసుకెళ్లమనండి’ అంది. ఆ పూటే మెమో రాసుకుని సంతకాలు పెట్టారు.

కాబట్టి లిస్టు రాసేటప్పుడు గిన్నెల మీద ఏ పేరు, ఏ తేదీ కొట్టించారో కూడా రాయండి. నగలకైతే బిల్లు, బిల్లు లేకపోతే పెళ్లి ఆల్బమ్‌లో ఆ నగ కనబడే ఫొటో పెట్టుకోండి. రాజీ కుదిరి కాగితం రాస్తే ప్రతి లైనూ చదివి, లాయరుకి చూపించాకే సంతకం పెట్టండి. ఇద్దరి ఒప్పుదల మీద వచ్చిన డిక్రీకి, అంటే కోర్టు తీర్పుకి, అప్పీలు లేదని అదే చట్టం 19వ సెక్షన్‌లో ఉంది. ‘నాకు సరిగ్గా అర్థం కాలేదండీ’ అని తర్వాత వచ్చినవాళ్లకి నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

అమ్మాయిని ప్రతి వాయిదాకీ నేనే తీసుకెళ్తున్నాను. ఖర్చంతా నాదే. కౌన్సిలర్ మాత్రం నన్ను లోపలికి రానివ్వడం లేదు. కన్నతండ్రికి ఆ మాత్రం హక్కు లేదా?
– ఒక తండ్రి, కాకినాడ

లేదు సార్. వరండాలో బెంచీ మీద క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చునే తండ్రుల్ని ఉద్యోగమంతా చూశాను, మీ బాధ తెలియక అనడం లేదు. కేసులో పేర్లు ఇద్దరివే. మీరు లోపలుంటే అమ్మాయి మీ మొహం చూసి మాట్లాడుతుంది, అల్లుడు మిమ్మల్ని చూసి అసలు మాట్లాడడు. పెద్దవాళ్లతో పని పడితే మేమే పిలుస్తాం. లాయర్లని కూడా మామూలుగా ఆ గదిలో కూర్చోబెట్టుకోం. ఆ మాటకొస్తే ఫ్యామిలీ కోర్టులో లాయర్ని పెట్టుకోవడం హక్కుగా రాదు. 13వ సెక్షన్ ప్రకారం కోర్టు అనుమతించాలి. అనుమతి దొరుకుతూనే ఉంటుంది లెండి.

మీరు చేయదగ్గ పని ఒకటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో కేసు సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ విడిగా ఉండేది, 16 అంకెలూ అక్షరాలూ కలిసి ఉంటుంది) కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, కేసు ఏ దశలో ఉందో కనిపిస్తుంది. అది మీరు చూస్తూ ఉండండి. యాప్‌లో తేలకపోతే బెంచి క్లర్కుని అడగండి. తేదీ వరకే అడగండి. జడ్జిగారు ఎటు మొగ్గుతున్నారని అడిగితే ఆయనకి తెలియదు. తెలిసినట్టు మాట్లాడి టీ ఖర్చులు అడిగితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

టాంపాలో ఉంటున్నాం. పాపకి 6 ఏళ్లు. నా భార్య ఇక్కడి కోర్టులోనే విడాకులకు వేసింది. నేను లాయర్ని పెట్టుకోలేదు. కేస్ మేనేజర్ అనే ఆవిడ కోర్టు నుంచి ఉత్తరం పంపింది, నా కాగితాలు పూర్తిగా లేవని. ఫోన్ చేసి ఫారంలో ఏం రాయమంటారని అడిగితే ‘అది నేను చెప్పకూడదు’ అంది. ఈవిడ మీ కౌన్సిలర్ లాంటిదేనా? ఇక్కడ వచ్చే విడాకులు ఇండియాలో చెల్లుతాయా?
– ఒక పాఠకుడు, ఫ్లోరిడా

మా పనీ ఆవిడ పనీ వేరు బాబూ. ఫ్లోరిడా ఫ్యామిలీ కోర్టుల్లో కేస్ మేనేజర్ కోర్టు ఉద్యోగి. ముఖ్యంగా లాయరు లేకుండా వచ్చినవాళ్ల ఫైళ్లు తిరగేసి, నోటీసు అందిందా, ఏ కాగితం వచ్చింది, ఏది రాలేదు, మీడియేషన్‌కి పంపాల్సిన కేసా, జడ్జి ముందు పెట్టడానికి సిద్ధంగా ఉందా అని చూస్తుంది. మన దగ్గర ఈ పనంతా ఒకరి చేతిలో ఉండదు. కాగితాల తనిఖీ ఆఫీసులో, వాయిదాలు బెంచి క్లర్కు దగ్గర, మాటామంతీ కౌన్సిలర్ దగ్గర, మీడియేషన్ మరోచోట. ఫైలు ఎందుకు ఆగిందో తెలుసుకోవాలంటే ఆడపిల్లలు చంటిపిల్లల్ని ఎత్తుకుని గుమ్మం గుమ్మం తిరగాలి. అలాంటి ఉద్యోగి ఒకరు మన కోర్టుల్లోనూ ఉంటే బావుండునని సర్వీసులో ఉన్నప్పుడే అనుకునేదాన్ని, ఇప్పుడూ అనుకుంటున్నాను.

‘చెప్పకూడదు’ అందని నొచ్చుకోకండి. ఏ ఫారం కావాలో ఆవిడ చెప్పగలదు. అందులో ఏం రాస్తే మీకు మేలో చెబితే అది లాయరు సలహా అయిపోతుంది, కోర్టు మనిషి మీ పక్షం చేరినట్టవుతుంది. రేపు అదే సలహా మీ భార్యకి ఇస్తే మీరు ఊరుకుంటారా? సలహా కావాలంటే గంటకింత అని తీసుకునే లాయర్ని ఒక్కసారైనా కలవండి.

అక్కడి నిబంధనలు కొన్ని చెబుతాను, ఆవిడ లేవన్న కాగితాలు వీటిలోవే అయి ఉండొచ్చు. పిటిషన్ చేతికందిన 20 రోజుల్లో జవాబు వేయాలి. 45 రోజుల్లో మీ ఆదాయం, ఖర్చులు, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేసి, వాటికి ఆధారాలు అవతలివారికి అందజేయాలి. మైనర్ పిల్లలున్నారు కాబట్టి తల్లిదండ్రులిద్దరూ కనీసం 4 గంటల పేరెంటింగ్ క్లాసు పూర్తిచేసి సర్టిఫికెట్ పెట్టాలి. పాప ఏ రోజులు ఎవరి దగ్గర ఉంటుంది, పండగలకి, సెలవులకి ఎక్కడ అని రాసే పేరెంటింగ్ ప్లాన్ ఉండాలి. సంక్రాంతికి పాపని ఇండియా తీసుకెళ్లాలనుకుంటే అది కూడా అందులోనే రాయించుకోండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందో, టికెట్లు ఎన్ని రోజుల ముందు చూపించాలో అన్నీ. నోటి మాటగా ఒప్పుకున్న ప్రయాణాలే తర్వాత పెద్ద గొడవలవుతాయి.

ఇండియాలో చెల్లుబాటు గురించి. 1991లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు మన తెలుగు దంపతులదే. 1975లో తిరుపతిలో పెళ్లి. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. అది ఇక్కడ చెల్లదంది కోర్టు. పెళ్లి ఏ చట్టం ప్రకారం జరిగిందో ఆ చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులు రావాలి, కోర్టుకి కూడా ఆ చట్టం ప్రకారమే అధికారం ఉండాలి అని సూత్రం పెట్టింది. మినహాయింపులూ చెప్పింది. అవతలి మనిషి ఆ దేశంలోనే స్థిరపడి ఉండి, మన చట్టంలోని కారణం మీదే డిక్రీ వచ్చినా, తనంతట తాను హాజరై అలాంటి కారణం మీదే కేసు నడిపినా, విడాకులకు ఒప్పుకున్నా పరవాలేదు. ఇద్దరూ ఒప్పుకునే తీసుకుంటుంటే, ఆ ఒప్పుదల తీర్పు కాగితంలోనే స్పష్టంగా కనబడేలా చూసుకోండి. ఇక్కడ ఆస్తులున్నా, మళ్లీ పెళ్లి ఆలోచన ఉన్నా ఇక్కడి లాయరుకి ఆ కాగితం ఒకసారి చూపించండి.

మా కౌన్సిలర్ మేడం బాగా మాట్లాడతారు. మొదటి రోజే అన్నీ చెప్పేశాను. కోపం వచ్చి బాబుని వాళ్ల నాన్నతో 2 రోజులు ఫోన్ మాట్లాడనివ్వలేదని కూడా. తర్వాత బాబుతో (8 ఏళ్లు) ఆవిడ ఒంటరిగా మాట్లాడారు. ఇవన్నీ జడ్జిగారికి రాస్తారా?
– పేరు వద్దు, నల్గొండ

రాజీ కోసం మీ ఇద్దరూ అనుకున్న మాటలు ఆ గది దాటకూడదు. కుదరకపోతే మేం పైకి పంపే కాగితంలో ప్రయత్నం ఫలించలేదనే ఉంటుంది, ఎవరేమన్నారో ఉండదు. బాబు విషయం వేరు. పిల్లల కస్టడీ కేసుల్లో బిడ్డతో మాట్లాడి కౌన్సిలర్ ఇచ్చిన నివేదికకి ఆ గోప్యత వర్తించదని, పిల్లల మేలు తేల్చడానికి కోర్టు దాన్ని చూడొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బాబు చెప్పినవి జడ్జిగారికి చేరతాయనే అనుకోండి.

చేరితే భయమెందుకు? ఒక్కటి మాత్రం చేయకండి, ఈసారి వెళ్లేటప్పుడు ఏం చెప్పాలో బాబుకి నేర్పకండి. ఏడేళ్ల పిల్ల నా ఎదురుగా కుర్చీలో కాళ్లు ఆడిస్తూ ‘నాన్న వల్ల అమ్మకి మానసిక వేదన కలిగింది’ అంది. ఆ మాట పిటిషన్‌లో ఏ పేరాలో ఉందో కూడా నాకు తెలుసు. నేను పిల్లల్ని అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా అని ఎప్పుడూ అడగలేదు. జ్వరం వస్తే రాత్రి ఎవరు లేస్తారు, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరు పెడతారు, టీచరు ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు అని అడిగేదాన్ని. వీటికి నేర్పించిన జవాబులు ఉండవు. పిల్లలు కూడా హాయిగా చెబుతారు.

5 ఏళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టంలో ఉంది. మీ బాబు ఆ వయసు దాటాడు. తన ఇష్టం చెప్పగల వయసు వచ్చిందనిపిస్తే జడ్జి దాన్ని కూడా పరిగణనలోకి తీసుకోవచ్చు. 2 రోజులు ఫోన్ ఇవ్వకపోవడం పెద్ద నేరమేమీ కాదు, అది 2 నెలలైతే మాత్రం మీకే చుట్టుకుంటుంది. ఇవాళే ఫోన్ కలిపి ఇవ్వండి. స్పీకర్ పెట్టి పక్కన నిలబడకండి.

కాపురం హైదరాబాద్‌లో. ఇప్పుడు చంటిబిడ్డతో గుంటూరులో అమ్మ దగ్గర ఉన్నాను. ఆయన హైదరాబాద్‌లో కేసు వేశారు. గుంటూరుకి మార్పించుకోవచ్చని ఒకరు, హైకోర్టుకి వెళ్లాలని ఒకరు చెబుతున్నారు. ఈలోగా 2 వాయిదాలకి వెళ్లలేకపోయాను.
– ఒక చెల్లెలు, గుంటూరు

మార్పు సంగతి తర్వాత. ముందు ఆ 2 వాయిదాల్లో మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేశారేమో, అంటే మీరు లేకుండానే కేసు నడపాలని ఉత్తర్వు వేశారేమో, ఈ రోజే కనుక్కోండి. చేసి ఉంటే, డిక్రీ రాకముందే ఆ ఉత్తర్వు తీసేయమని పిటిషన్ వేయించాలి. డిక్రీ వచ్చేశాక కూడా రద్దు కోరవచ్చు గానీ, దానికి గడువు 30 రోజులే.

ఇక కేసు మార్పించుకోవడం. 2018 చివరిదాకా అది సులువుగా ఉండేది. రెండు రాష్ట్రాలకీ హైదరాబాద్‌లో ఒకటే హైకోర్టు, అక్కడ ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేస్తే సరిపోయేది. 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిగా పనిచేస్తోంది. తెలంగాణ కోర్టులో ఉన్న కేసుని ఆంధ్రప్రదేశ్‌కి మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద ఢిల్లీలో సుప్రీంకోర్టుకే వెళ్లాలి. విభజన గురించి నీళ్లనీ, ఉద్యోగాలనీ, రాజధాననీ ఎంతో రాశారు. గుంటూరు ఆడపడుచు కేసు హైదరాబాద్ నుంచి కదలాలంటే ఢిల్లీ దాకా వెళ్లాలన్న సంగతి ఎక్కడా రాసినట్టు నాకు కనపడలేదు.

ఢిల్లీ అనగానే గుండె జారిపోనక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. సుప్రీంకోర్టులోనూ దానికి కమిటీ ఉంది. గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి, లేదా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. చంటిబిడ్డతో అంత దూరం తిరగలేకపోవడం బలమైన కారణమే.

ఆ పిటిషన్ తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. భరణం కేసు మీరున్న ఊళ్లోనే వేయొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125 సెక్షనే ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144 అయింది. మధ్యంతర భరణం దరఖాస్తుని, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు తేల్చాలని అందులో ఉంది. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. ‘ఉద్యోగం పోయింది’ అని నోటితో చెబితే ఇప్పుడు చాలదు. ఆయన పే స్లిప్పు పాతది ఒకటి, కారు ఈఎంఐ మెసేజి, ఏదున్నా తీసి పెట్టుకోండి. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచి ఇవ్వాలని కూడా ఆ తీర్పే చెప్పింది. అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను.

మేమిద్దరం కలిసే ఈ ఉత్తరం రాస్తున్నాం. 2 ఏళ్లుగా విడిగా ఉంటున్నాం, పిల్లలు లేరు, గొడవలూ లేవు. ఇద్దరి ఒప్పుదల మీద విడాకులకు మొదటి పిటిషన్ వేశాక 6 నెలలు ఆగాల్సిందేనా? తనకి బెంగళూరులో కొత్త ఉద్యోగం.
– కరీంనగర్

ఒకే కాగితం మీద రెండు చేతిరాతలు చూసి ముచ్చటేసింది. ఆగాల్సిన పని లేకపోవచ్చు. ఆ 6 నెలల గడువు తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో జడ్జి మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి పిటిషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, డబ్బు విషయాలు నిజంగా తేలి ఉండాలి. మొదటి మోషన్ (మొదటి పిటిషన్ మీద విచారణ) అయిన వారం తర్వాత కారణాలు రాసి దరఖాస్తు పెట్టొచ్చు. కౌన్సిలర్ దగ్గరికి పంపితే విసుక్కోకుండా వెళ్లిరండి, ప్రయత్నం విఫలమైందన్న కాగితం మీకు కావాల్సిందే.

రెండో మోషన్‌లోపు, అంటే విడాకులు ఇవ్వమని ఇద్దరూ మళ్లీ కోర్టుని అడిగేలోపు, ఎవరికి మనసు మారినా ఒప్పుదల వెనక్కి తీసుకోవచ్చు, అది గుర్తుంచుకోండి. ఇచ్చిపుచ్చుకునేది ఏమైనా ఉంటే, ఆఖరి మొత్తం డీడీ రూపంలో రెండో మోషన్ రోజు కోర్టులోనే అందేలా ఒప్పందంలో రాయించండి. డబ్బు ముందే ఇచ్చేసి అవతలివాళ్లు రాకపోతే ఏడ్చినవాళ్లూ, ముందే సంతకం పెట్టేసి డబ్బు కోసం తిరిగినవాళ్లూ, ఇద్దరూ నా గదికి వచ్చారు.